ముక్కు ఊపిరి మానింది, పని మానలేదు
స్వరపేటిక తీసివేసిన తరువాత ముక్కు లోపలి పొర గురించి తెలుసుకోవలసిన సంగతులు

స్వరపేటిక తీసివేసే ఆపరేషను అయిన కొన్ని వారాలకు, కుట్లు విప్పి ఇంటికి పంపే ముందు, రోగి భార్య నన్ను పక్కకు పిలిచి మెల్లగా ఒక మాట అడుగుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది అడిగిన మాట ఇది. "సిస్టరమ్మా, ఈయన ఊపిరంతా మెడ దగ్గర రంధ్రంలోంచే కదా. మరి ముక్కు ఎందుకిలా కారుతోంది? జబ్బు ముక్కులోకి గాని పాకిందా?"

అదే సమయానికి మంచం మీద కూర్చున్న రోగి తన పలక మీద ఇంకో సంగతి రాసి చూపిస్తాడు. "వాసన లేదు. పప్పు, కూర, పచ్చడి అన్నీ ఒకటే. తినబుద్ధి కావడం లేదు."

ఒకరికి ముక్కు మరీ ఎక్కువగా పనిచేస్తోందని భయం. మరొకరికి ముక్కు చచ్చిపోయిందని దిగులు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉంది. అది ముక్కు లోపలి పొర. దాని పని ఏమిటో, ఆపరేషను తరువాత దానిలో ఏది ఆగుతుందో, ఏది ఆగదో తెలుసుకుంటే సగం భయం అక్కడే పోతుంది. మీ ఇంట్లో ఇటువంటి ఆపరేషను అయినవారు ఉంటే ఈ వ్యాసాన్ని వారి పక్కన కూర్చుని చదవండి.

ముక్కు లోపల ఏముంది?

ముక్కు అంటే రెండు రంధ్రాలు మాత్రమే కాదు. లోపల గది వంటి ఖాళీ ఉంది. దాని రెండు పక్క గోడల నుండి చుట్టలు తిరిగిన అరల వంటి ఎముకలు లోపలికి పొడుచుకుని ఉంటాయి. వీటన్నిటి మీద తడిగా, ఎర్రగా, మెత్తగా ఒక పొర పరుచుకుని ఉంటుంది. ఈ పొర మూడు పనులు చేస్తుంది.

మొదటిది, గాలిని వెచ్చబరచి తడి చేయడం. పొర కింద రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. ఆ రక్తపు వేడి గాలికి అందుతుంది, పొర మీది తడి గాలికి అంటుతుంది. బయట గాలి 22 డిగ్రీల వేడి, 40 శాతం తేమతో ఉందనుకోండి. అది ముక్కు, గొంతు దాటి స్వరపేటిక దగ్గరకు వచ్చేసరికి దాదాపు 32 డిగ్రీల వేడితో, ఇంచుమించు నూరు శాతం తేమతో ఉంటుంది. ఇంత మార్పు ఒక్క ఊపిరి లోపలికి పోయేంతలో జరిగిపోతుంది.

రెండవది, గాలిని శుభ్రం చేయడం. పొరలోని కొన్ని కణాలు జిగురుగా శ్లేష్మం తయారుచేస్తాయి. దుమ్ము, పుప్పొడి, సూక్ష్మజీవులు ఆ జిగురుకు అంటుకుంటాయి. మిగతా కణాల మీద కంటికి కనిపించని సన్నని వెంట్రుకల వంటివి ఉంటాయి. వీటిని శైలికలు అంటారు. గాలికి వరిచేను ఊగినట్లు ఇవన్నీ ఒకే దిక్కుకు, సెకనుకు పది సార్ల దాకా ఊగుతూ, ఆ జిగురును గొంతు వైపు నెడుతుంటాయి. అక్కడికి చేరినదాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. ముక్కు ముందు భాగంలో పడిన దుమ్ము గొంతుకు చేరడానికి పది నుండి ఇరవై నిమిషాలు పడుతుంది. డాక్టర్లు దీన్ని కొలవడానికి చిన్న శాకరిన్ పలుకును ముక్కులో ఉంచి, గొంతులో తీపి ఎప్పుడు తెలుస్తుందో గడియారం పెట్టి చూస్తారు.

మూడవది, వాసన పట్టడం. ముక్కు పైకప్పులో, రెండు కళ్ళ మధ్య ఎత్తున, కొద్దిపాటి చోటులో వాసన తెలిపే కణాలు ఉంటాయి. గాలి అక్కడిదాకా వెళ్తేనే వాటికి వాసన అందుతుంది. మామూలు ఊపిరిలో కొద్ది భాగమే అంత పైకి పోతుంది. అందుకే వాసన బాగా తెలియాలంటే ముక్కు ఎగబీలుస్తాం.

ఆపరేషనులో ఏమి మారుతుంది?

బీడీ, సిగరెట్, చుట్ట తాగేవారిలో స్వరపేటిక క్యాన్సరు ఎక్కువగా వస్తుంది. సారా, బ్రాందీ కూడా తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. జబ్బు ముదిరినప్పుడు స్వరపేటికను పూర్తిగా తీసివేయవలసి వస్తుంది. క్యాన్సరు కోసం ఈ ఆపరేషనును మొదటిసారి వియన్నా నగరంలో బిల్రోత్ అనే సర్జను 1873లో చేశారు.

స్వరపేటికను తీసిన తరువాత సర్జను గాలిగొట్టం పై కొసను మెడ ముందు భాగానికి తెచ్చి చర్మానికి కుడతారు. అదే మెడ మీద కనిపించే రంధ్రం. దీన్ని స్టోమా అంటారు. ఇక ముక్కు, నోరు, గొంతు అన్నవాహికకు మాత్రమే దారి. ఊపిరితిత్తులకు దారి మెడ రంధ్రం ఒక్కటే. రెండు దారులూ విడిపోయాయి, మళ్ళీ కలవవు.

ఈ మాట పుస్తకంలో చదివినంత సులభంగా మనసుకు ఎక్కదు. నా సంగతే చెబుతాను. నేను నర్సుగా కొత్తగా చేరిన రోజుల్లో, వేరే ఊరి ఆసుపత్రిలో, ఒక రాత్రి డ్యూటీలో ఇటువంటి రోగికి ఆయాసం వచ్చింది. నేను పరుగెత్తి ఆక్సిజను మాస్కు తెచ్చి అలవాటుగా ఆయన ముక్కు మీద పెట్టాను. సిలిండరు తెరిచే ఉంది, ఆక్సిజను వస్తూనే ఉంది, ఆయన ఆయాసం మాత్రం తగ్గలేదు. మాట్లాడలేని ఆ పెద్దాయనే నా చేయి పట్టుకుని, మాస్కును ముక్కు మీద నుండి తన మెడ మీదకు జరిపాడు. ఆ చేయి స్పర్శ నాకు ఇప్పటికీ గుర్తు. ముక్కుకు ఇచ్చిన ఆక్సిజను ఊపిరితిత్తులకు చేరదని నాకు ఆ రాత్రి రోగే నేర్పాడు.

మరి ఊపిరి దారి నుండి తప్పుకున్న ముక్కు లోపలి పొర ఏమవుతుంది? చాలామంది అనుకున్నట్లు అది ఎండి చచ్చిపోదు. దానికి రక్తం అందుతూనే ఉంటుంది, నరాలు పనిచేస్తూనే ఉంటాయి. శ్లేష్మం తయారవుతూనే ఉంటుంది. శైలికలు ఊగుతూనే ఉంటాయి. మామూలు మనుషుల్లో కొన్ని గంటలకొకసారి ముక్కులో ఒక వైపు పొర ఉబ్బి, రెండవ వైపు తగ్గుతుంది. గాలి ఆడని ముక్కులో కూడా ఈ మార్పు కొంత తక్కువగానైనా జరుగుతూనే ఉందని కొలిచి చూసినవారు చెబుతున్నారు. అంటే ఆగిపోయింది గాలి మాత్రమే. పొర బతికే ఉంది.

కాలువలో నీళ్ళు ఆపినంత మాత్రాన గట్టున ఉన్న చెట్టు ఎండిపోదు కదా, దాని వేరుకు తడి వేరే చోటు నుండి అందుతుంది. ముక్కు పొర సంగతీ అంతే.

ముక్కు ఎందుకు కారుతుంది?

ఇప్పుడు ఆ భార్య అడిగిన ప్రశ్నకు వద్దాం.

ఆపరేషనుకు ముందు కూడా ముక్కు శ్లేష్మం చేసేది. మనకు తెలిసేది కాదు. ఎందుకంటే లోపలికి పోయే గాలి ఆ తడిలో కొంత తనతో తీసుకుపోయేది. కొంచెం ముందుకు జారితే మనం గమనించకుండానే ఎగబీల్చేవాళ్ళం. ఎక్కువైతే చీదేవాళ్ళం. ఇప్పుడు గాలి ఆడడం లేదు కాబట్టి ఆ తడి ఆవిరి కావడం లేదు. ఎగబీల్చడానికి, చీదడానికి ఊపిరితిత్తుల గాలి ముక్కుకు రావడం లేదు. అందువల్ల తయారైన నీరు బొట్టు బొట్టుగా ముందుకు జారుతుంది. వంగి పనిచేసేటప్పుడు, కారంగా వేడిగా తినేటప్పుడు ఇంకా ఎక్కువగా కారుతుంది.

కాబట్టి తేటగా, నీళ్ళలా, రెండు వైపులా కారుతుంటే అది జబ్బు తిరిగి రావడం కాదు. పొర తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. జేబులో ఎప్పుడూ శుభ్రమైన మెత్తటి చేతిరుమాలు ఉంచుకోండి. మెడ రంధ్రం తుడవడానికి వేరే రుమాలు వాడండి. రెండింటికీ ఒకటే వాడకండి.

ముక్కు బాగా పట్టేసినప్పుడు ఉప్పునీటితో కడుక్కోవచ్చు. అయితే ఆపరేషను గాయం పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. పద్ధతి ఇది. నీళ్ళు బాగా మరిగించి చల్లార్చండి. కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు మరిగించకుండా ముక్కులో పోయకూడదు. ఒక గ్లాసు, అంటే సుమారు 250 మిల్లీలీటర్ల నీళ్ళలో అర టీస్పూనుకు మించకుండా ఉప్పు కలపండి. ముందుకు వంగి, నోరు తెరిచి, నెమ్మదిగా ఒక ముక్కు రంధ్రంలో పోయండి. నోట్లోకి వచ్చినదాన్ని ఉమ్మేయండి. మెడ రంధ్రం మీద నీళ్ళు పడకుండా ముందే గుడ్డ కప్పుకోవాలి. మాట కోసం గాలిగొట్టానికీ అన్నవాహికకూ మధ్య చిన్న వాల్వు పెట్టించుకున్నవారు, అది కారుతోందని అనుమానం ఉంటే డాక్టరుకు చూపించనిదే ఈ పని చేయకండి.

చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. ముక్కు కారడం ఆపాలని మందుల షాపులో దొరికే చుక్కల మందును రోజుల తరబడి వేయకండి. అలా వాడితే పొర ఇంకా ఉబ్బుతుంది. ముక్కులో నూనె, నెయ్యి చుక్కలు వేయడం మన ఇళ్ళల్లో ఉన్న అలవాటే గాని, ఈ ముక్కుకు వాటి అవసరం లేదు. ముక్కుపొడి అలవాటు ఉన్నవారు తప్పక మానాలి. చీది బయటకు నెట్టలేని ముక్కులో ఆ పొడి అలాగే పేరుకుని పొరను పుండు చేస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. కడుపునిండా తిన్న వెంటనే చెప్పులు వేసుకోవడానికో, బరువు ఎత్తడానికో వంగితే తిన్నది పైకి వచ్చి ముక్కులోకి పోవచ్చు. చీదే వీలు లేదు కాబట్టి ఆ మెతుకులు లోపలే ఉండి మంట పుట్టిస్తాయి. తిన్నాక కాసేపు నిటారుగా కూర్చోండి.

ముక్కు చేసే పని ఇప్పుడు ఎవరు చేస్తారు?

ముక్కు పొర బతికే ఉన్నా, దాని దగ్గరకు గాలి రావడం లేదు. అంటే వెచ్చబరచని, తడపని, వడకట్టని గాలి తిన్నగా గాలిగొట్టంలోకి పోతోంది. ముందు చెప్పిన లెక్కనే మళ్ళీ తీసుకోండి. 22 డిగ్రీలు, 40 శాతం తేమ ఉన్న గాలి మెడ రంధ్రంలోంచి పోతే గాలిగొట్టంలో అది 27, 28 డిగ్రీలకు, సుమారు 50 శాతం తేమకు మాత్రమే చేరుతుంది.

గాలిగొట్టం లోపల కూడా శ్లేష్మపు పొర ఉంది, శైలికలు ఉన్నాయి. కాని ఇంత పొడిగాలికి అది అలవాటు పడినది కాదు. ఎండిపోకుండా ఉండడానికి అది మరింత తెమడ చేస్తుంది. అందుకే మొదటి నెలల్లో దగ్గు, తెమడ ఎక్కువ. తెమడ ఎండితే పక్కులు కడుతుంది. పెద్ద పక్కు అడ్డుపడితే ఊపిరి ఆడదు. ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం.

కాబట్టి ముక్కు చేసే పనిని మనం మెడ దగ్గర చేయించాలి. ఇందుకోసం రంధ్రం మీద అమర్చుకునే చిన్న ఫిల్టరు దొరుకుతుంది. డాక్టర్లు దీన్ని హెచ్.ఎం.ఇ. అంటారు. బయటకు వచ్చే ఊపిరిలోని వేడిని, తేమను అది పట్టి ఉంచి, లోపలికి పోయే గాలికి తిరిగి ఇస్తుంది. దానితో గాలిగొట్టంలోని తేమ సుమారు 70 శాతానికి పెరుగుతుంది. రాత్రీ పగలూ వాడితేనే పూర్తి ఫలితం. వాడినవారిలో దగ్గు, తెమడ తగ్గడం మేము చూస్తున్నాం.

రోజూ మార్చే ఆ ఫిల్టరు అందరూ కొనలేరు. కొనలేనివారు నిరాశపడనవసరం లేదు. శుభ్రమైన నూలుగుడ్డను రెండు మూడు మడతలు వేసి, తడిపి బాగా పిండి, మెడ చుట్టూ రంధ్రం ముందు వదులుగా కట్టుకోండి. దారాలు ఊడే గుడ్డ వద్దు, దూది వద్దు. ఆరినప్పుడల్లా మళ్ళీ తడపండి, రోజూ ఉతికి ఎండలో ఆరవేయండి. వేసవిలో వడగాలి వీచేటప్పుడు కిటికీకి తడిగుడ్డ కట్టండి. డాక్టరు వద్దని చెప్పకపోతే నీళ్ళు, మజ్జిగ ఎక్కువగా తాగండి. ఇంట్లో మిరపకాయలు దంచేటప్పుడు, వడ్లు తూర్పార పట్టేటప్పుడు, చెత్త తగలబెట్టేటప్పుడు రోగి అక్కడ ఉండకూడదు. ఆ కారాన్ని, దుమ్మును ఆపడానికి ముక్కు ఇప్పుడు దారిలో లేదు.

జలుబు చేస్తే ముక్కుకు ఆవిరి పట్టడం మన అలవాటు. ఆ ఆవిరి ఈ రోగి ఊపిరితిత్తులకు చేరదు. మెడ రంధ్రానికి ఆవిరి కావాలంటే ఎలా పట్టాలో, ఎంత దూరం నుండి పట్టాలో నర్సును అడిగి నేర్చుకోండి. మరిగే నీళ్ళ గిన్నె మీద మెడ వంచితే కాలుతుంది. జలుబు మందులు, ఘాటైన బాములు రంధ్రం దగ్గర రాయకండి. తుమ్ము, దగ్గు వచ్చినప్పుడు గాలి మెడలోంచే వస్తుంది. కాబట్టి చేతిరుమాలు నోటికి కాదు, రంధ్రానికి అడ్డం పెట్టుకోవాలి.

వాసన ఎక్కడికి పోయింది?

ఇక పలక మీద రాసి చూపిన ఆ రోగి మాటకు వద్దాం.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు జీలకర్ర గింజలు నమలండి. నోట్లో ఏదో గరుకుగా, కొంచెం చేదుగా తెలుస్తుంది, అంతే. ఇప్పుడు ముక్కు వదలండి. ఒక్కసారిగా జీలకర్ర అని తెలుస్తుంది. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు చారు వంటి కమ్మదనం, ఇంతే. మిరప కారం కూడా రుచి కాదు, మంట. గోంగూర గోంగూరలా, ఆవకాయ ఆవకాయలా తెలియడానికి వాసన కావాలి. నమిలేటప్పుడు ఆ వాసన గొంతు వెనుక నుండి, బయటకు వచ్చే ఊపిరితో కలిసి ముక్కులోకి ఎక్కుతుంది.

ఆపరేషను తరువాత ఆ ఊపిరి ముక్కులోకి రాదు. వాసన పట్టే కణాలు అక్కడే ఉన్నాయి. వాటి నరమూ తెగలేదు. వాసనను వాటి దగ్గరకు మోసుకుపోయే గాలి మాత్రమే లేదు. ఉత్తరం రాసినవారు ఉన్నారు, చదివేవారు ఉన్నారు, మధ్యలో పోస్టుమాను రావడం మానేశాడు.

ఈ తేడా తెలియక ఇళ్ళల్లో ఎంత బాధ పడతారో చూశాను. ఆయన కంచం తోసేస్తాడు. ఆమె తన వంట చెడిందని, లేక తన మీద కోపమని అనుకుంటుంది. మాట లేని మనిషి ఎలా చెప్పగలడు? అమ్మా, ఆయనకు మీ వంట మీద కోపం లేదు. పోపు వాసన ఆయన దాకా చేరడం లేదు. కొన్నాళ్ళు నాలుకకు తెలిసే రుచులు, అంటే పులుపు, తీపి, ఉప్పు కాస్త స్పష్టంగా తెలిసేలా వండండి. బి.పి. ఉంటే ఉప్పు పెంచకండి, నిమ్మరసం వాడండి. కరకరలాడేది ఒకటి, మెత్తనిది ఒకటి కంచంలో ఉంచండి. పండి నోరు, గొంతు ఇంకా నొప్పిగా ఉన్నవారికి మాత్రం పులుపు, కరకరలాడేవి వద్దు.

నోరు మూసి ఆవలించడం

ఆ పోస్టుమానును మళ్ళీ పిలిపించే ఉపాయం ఒకటి ఉంది. మొదటి ఆపరేషను 1873లో జరిగినా, వాసన తిరిగి తెప్పించే ఈ చక్కని వ్యాయామం గురించి నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ క్యాన్సరు ఆసుపత్రి డాక్టరు హిల్గర్స్, ఆయన తోటివారు 2000లో ప్రకటించారు. వాసన తెలియని రోగుల్లో దాదాపు సగం మందికి ఒక్కసారి నేర్పడంతోనే మళ్ళీ వాసన తెలిసిందని వారు రాశారు. దీనికి మందు లేదు, ఆపరేషను లేదు, ఖర్చు లేదు.

పెద్దల ముందు కూర్చున్నప్పుడు ఆవలింత వస్తే ఏం చేస్తాం? పెదవులు విప్పకుండా లోలోపలే ఆవలిస్తాం. ఈ వ్యాయామం సరిగ్గా అదే. నోటి లోపల ఖాళీ పెరిగినప్పుడు అక్కడికి గాలి కావాలి. పెదవులు మూసి ఉన్నాయి. మెడ దారి వేరు. కాబట్టి బయటి గాలి ముక్కులోంచి లోపలికి వస్తుంది. వస్తూ వస్తూ వాసనను పైకప్పు దాకా తెస్తుంది.

చేయవలసిన విధానం:

1. అద్దం ముందు నిటారుగా కూర్చోండి. మెడ రంధ్రంతో మామూలుగా ఊపిరి తీస్తూ ఉండండి. ఈ వ్యాయామానికీ ఊపిరికీ సంబంధం లేదు, ఊపిరి బిగపట్టకండి.

2. పెదవులు మూయండి. లోపల పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకుండా ఉంచండి.

3. పెదవులు విడకుండా కింది దవడను, నాలుకను, గడ్డం కింది భాగాన్ని ఒకేసారి కిందికి దించండి. ఆవలింత దాచుకున్నట్లు ఉండాలి.

4. తిరిగి మామూలు స్థితికి తెండి. ఇలా వెంటవెంటనే మూడు నాలుగు సార్లు చేయండి.

5. వచ్చాక, కాఫీపొడి గాని, నలిపిన కరివేపాకు గాని, కమలాపండు తొక్క గాని ముక్కు దగ్గర పెట్టుకుని అదే చేయండి. ఘాటైన రసాయనాలతో ప్రయత్నించకండి.

6. రోజుకు కొన్నిసార్లు, కొద్ది నిమిషాలు చాలు. తరువాత భోజనం ముందు, నమిలేటప్పుడు మధ్యలో కూడా అలవాటు చేసుకోండి.

గాలి నిజంగా లోపలికి వస్తోందా లేదా అని చూపడానికి కొన్నిచోట్ల వంపు తిరిగిన సన్నని గొట్టంలో నీళ్ళు పోసి, ఒక కొసను ముక్కుకు ఆనిస్తారు. దవడ దించినప్పుడు నీటిమట్టం కదులుతుంది. దాన్ని చూసినప్పుడు రోగి ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. తన ముక్కు ఇంకా తనదేనని అప్పుడు నమ్మకం కలుగుతుంది.

కుట్లు పూర్తిగా మానాక, డాక్టరు అనుమతితోనే మొదలుపెట్టండి. కరెంటు పెట్టించుకుని దవడ బిగిసినవారు మాట నేర్పే థెరపిస్టు దగ్గర నేర్చుకోవడం మంచిది. అందరికీ ఒకేలా ఫలితం ఉండదు. మొదటి రోజే రాలేదని మానకండి. ఒకసారి అలవాటయ్యాక మానేయకండి.

వాసన తెలియని ఇంట్లో జాగ్రత్తలు

వాసన రుచి కోసమే కాదు, కాపలా కోసం కూడా. వంటగ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకైతే తెలియాలనే అందులో ఘాటైన వాసన కలుపుతారు. ఆ వాసన పట్టలేని మనిషి ఒక్కడే ఇంట్లో ఉంటే ఆ ఏర్పాటు వ్యర్థమే. పైగా అతడు కేక వేసి పక్కవారిని పిలవలేడు. కాబట్టి ఈ జాగ్రత్తలు తీసుకోండి.

వంట అయిన ప్రతిసారీ సిలిండరు దగ్గరే రెగ్యులేటరు కట్టేయాలి. రబ్బరు ట్యూబు గడువు తీరకముందే మార్చాలి. వీలైతే గ్యాసు లీకైతే మోగే అలారం పెట్టించుకోండి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, కింద పరుచుకుంటుంది. అందువల్ల అలారం నేలకు దగ్గరగా ఉండాలి. గ్యాసు లీకు ఫిర్యాదుకు 1906 నంబరు ఉంది. ఆయన మాట్లాడలేడు కాబట్టి ఫోను చేసి చెప్పే పక్కింటివారిని ముందే అనుకుని ఉంచండి, పిలవడానికి ఒక గంట గాని, విజిలు వంటి చప్పుడు చేసే వస్తువు గాని దగ్గర ఉంచండి. నోటితో ఊదే విజిలు ఆయనకు పనికిరాదు, చేతితో నొక్కేది కావాలి.

పాలు విరిగాయా, కూర పులిసిందా అనేది మరొకరు చూసి చెప్పాలి. ఒంటరిగా ఉండేవారు వండిన వేళ చీటీ మీద రాసి గిన్నెకు అంటించండి. ఒంటి వాసన, నోటి వాసన తనకు తెలియదు. ఇంటివారు నవ్వకుండా, నొప్పించకుండా చెప్పాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

తేటనీరు కారితే భయం లేదని చెప్పాను. కాని ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి. ముక్కులో ఒకే వైపు నుండి రక్తం గాని, రక్తపు చార గాని రావడం. చిక్కగా, పసుపుపచ్చగా, దుర్వాసనతో చీమిడి వారానికి పైగా రావడం. చెంపలు, నుదురు నొప్పి, జ్వరం. మింగిన నీళ్ళు పదే పదే ముక్కులోంచి రావడం. మెడలో కొత్తగా గడ్డ, మింగడం కష్టం కావడం. ఇక మెడ రంధ్రంలో పక్కు అడ్డుపడి ఊపిరి ఆడకపోతే మరుసటి రోజు దాకా ఆగకూడదు, వెంటనే తీసుకురండి.

2020లో కరోనా వచ్చినప్పుడు ఇటువంటివారి పరీక్ష విషయంలో ఒక సంగతి బయటపడింది. ముక్కు దారి, ఊపిరి దారి వేరైనందువల్ల ముక్కులోంచి తీసిన నమూనా ఒక్కటే చాలకపోవచ్చు, గాలిగొట్టం నుండి కూడా తీయాలని నిపుణులు సూచించారు. మాస్కు కూడా అంతే. ముక్కుకు ఒకటి, మెడకు ఒకటి కావాలి.

చివరిగా ఒక మాట

ఒక చిన్న అట్టముక్క మీద ఇలా రాసి జేబులో పెట్టుకోండి: "నాకు స్వరపేటిక పూర్తిగా తీసివేశారు. నేను మెడ ద్వారా మాత్రమే ఊపిరి తీసుకుంటాను. ఆక్సిజను మెడకు ఇవ్వండి. ఊపిరి ఊదవలసి వస్తే మెడ రంధ్రంలోనే ఊదండి." ఇది స్వరపేటిక పూర్తిగా తీసినవారికే. కొందరికి స్వరపేటిక ఉండగానే మెడలో గొట్టం వేస్తారు. కొందరికి స్వరపేటికలో కొంత భాగమే తీస్తారు. వారి ముక్కుకూ ఊపిరితిత్తులకూ ఇంకా దారి ఉంటుంది, వారి జాగ్రత్తలు వేరు. మీది ఏ రకమో డిశ్చార్జి కాగితం చూసి డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఆ రాత్రి నా చేతిని మెడ మీదకు జరిపిన పెద్దాయన దగ్గర అటువంటి చీటీ లేదు. నేనూ చిన్నదాన్ని. తెలివి ఉండి చేయి కదపగలిగాడు కాబట్టి సరిపోయింది. మీ మనిషి అలా చేయి కదపలేని స్థితిలో ఉంటే ఎవరు చెప్పాలి? అందుకే ఆ చీటీ ఈ రోజే రాయండి.

ఆ తరువాత వంటింట్లోంచి నాలుగు కరివేపాకులు తెచ్చి, నలిపి, ఆయన ముక్కు దగ్గర పెట్టి, నోరు మూసి ఆవలించమనండి. ఆ ముక్కు ఇంకా మీ ఇంటి వాసన కోసం ఎదురుచూస్తూనే ఉంది.